వెనక గడిలో మిగిలిన మాట

ఆఫీసులో ఆమె అసలు పేరు జీతాలు వేసే గుమస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె శేషమ్మ. ఎవరు ఏ ప్రోగ్రాం రాసి తెచ్చి చూపించినా ఆమె ముందు అడిగేది ఒకటే: "శేషం ఎంత?" ఆ పేరు పెట్టింది సోల్డరింగ్ బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన. మొదట్లో మూతి ముడుచుకుంది. కొన్నాళ్ళకి ఫోనెత్తి తనే "శేషమ్మని, చెప్పండి" అనడం అలవాటైపోయింది.

ఆ కంపెనీ వినికిడి మెషీన్లు తయారుచేస్తుంది. చెవి వెనక ఇమిడిపోయే, చిక్కుడు గింజంత మెషీన్లు. ఆ గింజలో ఒక చిప్పు, ఆ చిప్పుని నడిపించే ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం రాసేవాళ్ళలో శేషమ్మ ఒకతె. ఆమె రాసే భాష అంత మెత్తనిది కాదు. అందులో మెమరీని నేరుగా చేత్తో ముట్టుకోవాలి. మెమరీ అంటే నంబర్లు వేసిన గళ్ళ వరస. పాయింటర్ అంటే, ఫలానా సరుకు ఫలానా నంబరు గడిలో ఉందని రాసి పెట్టుకున్న చీటీ. చీటీ మీద ఏ నంబరైనా రాసుకోవచ్చు గానీ, చిప్పు అన్ని గళ్ళ దగ్గరా మొదలుపెట్టలేదు. ముఖ్యంగా ధ్వనిని గుండ్రంగా తిప్పి తిప్పి వినిపించే భాగం ఒకటుంది. అది కొన్ని హద్దుల దగ్గర నుంచే బయలుదేరుతుంది. గడి నంబరుని ఆ హద్దు కొలతతో భాగిస్తే శేషం సున్నా రావాలి. అలా వస్తే ఎలైన్‌మెంట్ కుదిరినట్టు.

"రాకపోతే ఏమవుతుందక్కా?" అని కొత్తగా చేరిన అమ్మాయి ఒకసారి అడిగింది.

"పెద్ద చిప్పులైతే గోల చేసి ఆగిపోతాయి. మనది బుద్ధిమంతురాలు, నోరెత్తదు. శేషాన్ని తీసి అవతల పారేస్తుంది. వెనక హద్దు దాకా జరిగి, అక్కడ ఏముంటే అది తెచ్చి చెవిలో పోస్తుంది."

"అక్కడ ఏముంటుంది?"

"ఎవరి సరుకో," అంది శేషమ్మ, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆమె ఈ పనిలోకి ఆలస్యంగా వచ్చింది. చదువు మధ్యలో ఆగిపోయింది. పెళ్ళయి, కూతురు పుట్టి, ఆ పిల్ల బడికి వెళ్ళడం మొదలుపెట్టాక అత్తగారే పట్టుబట్టి మళ్ళీ కాలేజీకి పంపింది. "పిల్లని నేను చూసుకుంటాను, నువ్వు బయల్దేరు" అని సంచి చేతికిచ్చి గుమ్మం దాటించిందట. అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఏళ్ళ తరబడి హెడ్‌ఫోను పెట్టుకుని అవతలి గొంతులు విన్నందుకో ఏమో, రిటైరైన కొద్దికాలానికే రెండు చెవులూ మొరాయించాయి. కోడలు తమ కంపెనీ కొత్త మోడల్ మెషీను తెచ్చి స్వయంగా ఆమె చెవి వెనక అమర్చిన రోజు, అత్తగారు గోడ గడియారం వైపు తిరిగి, "ఇది ఇంత చప్పుడు చేస్తుందా అమ్మాయ్? ఇన్నాళ్ళూ పాపం ఒక్కతే కొట్టుకుంటోందన్నమాట," అంది.

ఆ మోడల్‌కి ఒక కొత్త విద్య నేర్పారు. గదిలో వెనక నుంచి సన్నగా వచ్చే రొదని, అంటే ఫ్యాను మోతనీ వీధి హోరునీ, మెషీను కాస్త విని దాచుకుంటుంది. తర్వాత ఆ రొదని మాటల్లోంచి తీసేస్తుంది. బ్యాటరీ తీసినా చెరిగిపోని చోట దాచుకుంటుంది. అలాగే, గది నిశ్శబ్దంగా ఉంటే మెషీను కునుకు తీస్తుంది, ఏదైనా చప్పుడైతే లేస్తుంది. అత్తగారికి ఆ మెషీను బాగా నచ్చింది. రెండు మూడు నెలలు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. తర్వాత కంపెనీ ఆ ప్రోగ్రాంని కాస్త మార్చి కొత్తది విడుదల చేసింది. శేషమ్మ దాన్ని అత్తగారి మెషీనులో కూడా ఎక్కించింది.

ఒకరోజు జలుబు చేసి ఆఫీసుకి వెళ్ళలేదు. మధ్యాహ్నం లోపలి గదిలో పడుకుని ఉంటే, ముందు గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. మర్యాదగా, ఉద్యోగంలో ఉన్నప్పటిలాగే.

"ఎవరు కావాలండీ?"

శేషమ్మ లేచి వెళ్ళి చూసింది. వీధి తలుపు గడియ వేసే ఉంది. అత్తగారు కుర్చీలో కూర్చుని, ఎదుట ఖాళీగా ఉన్న మంచం వైపు చూస్తోంది.

"ఎవరితో అత్తయ్యా?"

"ఎవరో పలికారు. నువ్వు కాదా?"

"నేను పడుకున్నాను."

"అయితే రేడియో అయి ఉంటుందిలే," అంది అత్తగారు. ఆ ఇంట్లో రేడియో లేదు.

ఆ తర్వాత ఇలాంటివి పెరిగాయి. మనవరాలు వీధి గేటు దగ్గర నుంచి "వెళ్ళొస్తా నానమ్మా" అని కాలేజీకి వెళ్ళిపోయేది. మధ్యాహ్నం వేళ నానమ్మ ఉన్నట్టుండి, "పొద్దున్నే వెళ్ళావు కదే, మళ్ళీ వెళ్ళడమేమిటి?" అనేది. శేషమ్మ భర్తకి అద్దాలు కోసి ఫ్రేములు కట్టే కొట్టు ఉంది. అతను అన్నం తింటూ, "అమ్మకి మతి తప్పుతోందే," అన్నాడు. మతి తప్పిన మనిషి పైసా తేడా లేకుండా లెక్కలు చెప్పదు, వారపత్రికలో గళ్ళ నుడికట్టు పూర్తి చెయ్యదు. కానీ ఖాళీ గదిలో మాటలు వినడం ఏమిటో శేషమ్మకీ అంతు పట్టలేదు.

ఇంతలో అత్తగారు మరో దారి పట్టింది. చేతి గడియారం తీసి మనవరాలికి ఇచ్చేసింది. స్వెట్టర్లు, శాలువాలు పక్కింటివాళ్ళకి పంచింది. కళ్ళజోడు మార్పిద్దామంటే, "ఇప్పుడెందుకులే అమ్మాయ్," అని నవ్వింది. తిండి సగానికి సగం తగ్గించింది. శేషమ్మ ఒక సాయంత్రం ఆమె పక్కన కూర్చుంది.

"ఏమైంది అత్తయ్యా? నాతో చెప్పరా?"

అత్తగారు గొంతు తగ్గించింది. "గదిలో ఎవరో అంటున్నారు. ఈ చలికాలం దాటదు అని."

"ఎవరు అంటున్నారు?"

"కనిపిస్తే కదా చెప్పడానికి. మగ గొంతు. చాలా పెద్దగా, పక్కనే నిలబడినట్టు. కప్పు కింద పెడితే చాలు, అదే మాట. పుస్తకం మూస్తే అదే మాట. మొదట్లో మీ మామగారేమో అనుకున్నా. ఆయన నన్ను అలా పరాయి మనిషిలా అనడు."

ఆ మాటల్లో ఒకటి శేషమ్మ మనసుని గట్టిగా పట్టుకుంది. కప్పు కింద పెడితే. పుస్తకం మూస్తే. అంటే ఏదో ఒక చప్పుడు కావాలి.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఒక గొట్టం తెచ్చింది. డాక్టర్ల స్టెతస్కోపులాగే ఉంటుంది. ఒక కొసన మెషీను తగిలించి, రెండో కొస చెవుల్లో పెట్టుకుంటే మెషీను ఏం వినిపిస్తోందో ఎవరైనా వినొచ్చు. అత్తగారు స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. అత్తగారి కుర్చీలోనే కూర్చుంది. మెషీను గొట్టానికి తగిలించి చెవుల్లో పెట్టుకుని కదలకుండా ఉండిపోయింది. గది మెల్లగా సద్దుమణిగింది. చెవుల్లో సన్నటి బుస కూడా ఆగిపోయింది. మెషీను కునుకులోకి వెళ్ళిందని ఆమెకి తెలిసింది.

చేతిలో ఉన్న కప్పు బల్ల మీద పెట్టింది.

"ఈ చలికాలం దాటదులే అక్కా."

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూసింది. కర్టెన్ కదలడం లేదు. మంచం మీద దుప్పటి మడత చెక్కుచెదరలేదు. గది మళ్ళీ సద్దుమణిగేదాకా ఆగి, కప్పుని మళ్ళీ ఎత్తి మళ్ళీ పెట్టింది. అదే మాట, అదే విరుపు. "లే" దగ్గర చిన్న నిట్టూర్పు. ఏదో రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంది గొంతు, పైగా మనిషి చెవిలోనే అరిచినట్టుంది. మూడోసారి విన్నాక ఆ నిట్టూర్పుని ఆమె పోల్చుకుంది. ఇరవై ఏళ్ళుగా తన పక్కన వింటున్న నిట్టూర్పు అది. తన భర్తది.

ఆ రోజు అత్తగారికి, గొట్టంతో పాటు ఆఫీసు నుంచి తెచ్చిన పాత మోడల్ మెషీను పెట్టి, కొత్తది సంచిలో వేసుకుంది.

ఆఫీసులో తన బల్ల దగ్గర ప్రోగ్రాంని నడిపి చూస్తే అంతా సవ్యంగా ఉంది. శేషం సున్నా. సరిచూసే పంక్తి ఆమె ఎప్పుడో రాసిపెట్టింది: పాయింటర్ హద్దు మీద లేకపోతే అక్కడే ఆపెయ్యి అని. అది ఆపలేదు. మధ్యాహ్నానికి గానీ ఆమెకి తట్టలేదు. ఆ పంక్తి పరీక్షలప్పుడే బతికి ఉంటుంది. జనం చెవుల్లోకి వెళ్ళే ప్రోగ్రాం తయారయ్యేటప్పుడు, బ్యాటరీ మిగలడానికని, అలాంటి పంక్తులన్నీ రాలిపోతాయి. అది అక్కడి పద్ధతే. పరీక్ష ప్రోగ్రాంలో గళ్ళు ఒక రకంగా సర్దుకుంటాయి, అసలు ప్రోగ్రాంలో ఇంకో రకంగా. కొత్త మార్పు తర్వాత అసలుదాంట్లో అన్నీ కాస్త పక్కకి జరిగాయి.

అసలు ప్రోగ్రాం తెరిచి, ధ్వని మొదలయ్యే గడి నంబరు తీసి, కాగితం మీద భాగించింది. శేషం సున్నా కాదు. చిన్నదీ కాదు. ఒక వాక్యం పట్టేంత ఉంది.

కొత్త అమ్మాయిని పిలిచి చూపించింది. "కునుకులోంచి లేచిన ప్రతిసారీ చిప్పు ఈ శేషాన్ని పారేసి వెనక హద్దుకి పోతోంది. వెనక ఏముందో చూడు."

ఆ అమ్మాయి చూసింది. "రొద దాచుకునే చోటు కదక్కా."

"అదే. దగ్గరగా గట్టిగా మాట్లాడితే అది మాట. దూరంగా మెల్లిగా మాట్లాడితే మన మెషీను దృష్టిలో అది రొద. దాచుకుంటుంది. దాన్ని మళ్ళీ పెంచి వినిపిస్తుంది. గుసగుస కాస్తా కేక అవుతుంది."

"అంటే ఆమెకి వినపడదనుకుని ఎవరో అన్నమాట..." అని ఆ అమ్మాయి ఆగిపోయింది.

శేషమ్మ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా భర్త కొట్టుకి వెళ్ళింది. అతను ఒక్కడే ఉన్నాడు, గోడలకి ఆనించిన అద్దాల మధ్య. ఆమె ఏమీ చెప్పకుండా గొట్టం అతని చెవులకి తగిలించి, "కదలకండి కాసేపు," అంది. అతను వేళాకోళం అనుకుని నవ్వుతూ నిలబడ్డాడు. కొంచెం ఆగి ఆమె బల్ల మీద వేలితో తట్టింది.

అతని నవ్వు అన్ని అద్దాల్లోనూ ఒకేసారి ఆగిపోయింది.

"ఎవరది?"

మళ్ళీ తట్టింది.

"నా గొంతు కాదు," అన్నాడు. మూడోసారి తట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు. స్టూలు మీద కూర్చున్నాడు. "అక్క వచ్చిన రోజు. డాక్టరు అమ్మ గుండె నీరసంగా ఉందన్నాడు కదా. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో అడిగింది, అమ్మ ఎలా ఉందని. నేను ఊరికే... నోటికి వచ్చింది అన్నాను. అమ్మ కిటికీ దగ్గర ఉంది. అటు తిరిగి ఉంది."

"అప్పుడు వినలేదు. ఇప్పుడు రోజూ వింటోంది."

"నేనని తెలుసా?"

"తెలీదు. చావే వచ్చి చెప్తోందనుకుంటోంది. స్వెట్టర్లన్నీ పంచేసింది అందుకే."

"చెప్తావా?"

మెషీను తప్పు అని చెప్తే, మరి ఆ మాట అన్నదెవరన్న ప్రశ్న వస్తుంది. చెప్పకపోతే ఆ ముసలావిడ గదిలో చావు గొంతుతో కాపరం చేస్తుంది. ఆమె గొట్టం చుట్టి సంచిలో వేసుకుంది.

రెండు రోజుల్లో శేషమ్మ ప్రోగ్రాంని సరిచేసింది. ఆ చోటు ఎప్పుడూ హద్దు మీదే పడాలని రాసింది. సరిచూసే పంక్తిని ఇక రాలిపోకుండా, మెషీను లేచిన ప్రతిసారీ ఒకసారి అడిగేలా మార్చింది: శేషం ఉందా? ఉంటే కూత పెట్టి ఆగిపో. బాగుచేసిన మెషీను తీసుకుని అత్తగారి గదిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, గదిలో ఎవరూ లేరు. తప్పు మెషీనుది. దూరంగా ఎవరైనా మెల్లిగా అన్నమాటని పట్టుకుని, తర్వాతెప్పుడో మీ చెవిలో వేసేది."

అత్తగారు కాసేపు ఆలోచించింది. "లైన్లు కలిసిపోయాయన్నమాట."

"అంతే అత్తయ్యా. లైన్లు కలిసిపోయాయి."

"మా ఎక్స్ఛేంజిలో ఎన్నిసార్లు అయ్యేదో. కానీ అమ్మాయ్, లైను కలిసిందంటే అవతల మనిషి ఉన్నట్టే కదా."

శేషమ్మ మెషీను బ్యాటరీ మూత తెరిచింది, మూసింది.

"మావాడేనా?"

శేషమ్మ తల ఊపింది.

అత్తగారు కుర్చీలో వెనక్కి వాలి, పెద్దగా ఊపిరి వదిలింది. "నయం," అంది. "నేను ఇంకెవరో అనుకున్నాను."

మర్నాడు పక్కింటికి వెళ్ళి ఒక శాలువా వెనక్కి అడిగి తెచ్చుకుంది, ఏమాత్రం మొహమాటపడకుండా. కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడితే, "అక్కడ నిలబడి మాట్లాడకు. చెప్పేదుంటే వచ్చి కూర్చుని చెప్పు," అంది. అతను వచ్చి కూర్చున్నాడు గానీ ఏమీ చెప్పలేకపోయాడు. ఆవిడ ఆ చలికాలం దాటింది. ఆ తర్వాతదీ దాటింది. కానీ ఆ ఇంట్లో ఒక అలవాటు పోయింది. గదిలోంచి బయటికి వెళ్ళేటప్పుడు ఎవరూ మాట్లాడరు. మనవరాలు కూడా నానమ్మ భుజం తట్టి, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ ఇంట్లో మనుషులు ఉన్నట్టుండి మాయమైపోతున్నట్టు ఉంటుంది.

ఆఫీసులో మేనేజరు మొదట, "ఒక్క మెషీనే కదా," అన్నాడు. శేషమ్మ గొట్టం ఆయన చేతికిచ్చింది. ఆయన అల్మారాలోంచి ఏదో ఒక మెషీను తీసి, తప్పున్న ఆ ప్రోగ్రామే ఎక్కించి, తనే పరీక్షించి, గొట్టం కింద పెట్టి, అమ్మిన మెషీన్లన్నీ వెనక్కి తెప్పించమన్నాడు. శేషమ్మ, కొత్త అమ్మాయి కలిసి అందరికీ ఫోన్లు చేశారు. గదిలో ఎవరూ లేనప్పుడు ఏమైనా మాటలు వినిపించాయా అని అడగాలి. చాలామంది "లేదండీ" అన్నారు, చాలా తొందరగా. తర్వాత కొంచెం ఆగి, "ఎందుకు అడుగుతున్నారు?" అన్నారు. ఒకావిడ, "మళ్ళీ వినపడ్డం మొదలయ్యాక ఇలాగే ఉంటుందేమో అనుకున్నా," అంది. ఇంకొకాయన మెషీను ఇవ్వనన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఎంత బతిమాలినా ఇవ్వలేదు.

మెషీన్లు పార్సెళ్ళలో వచ్చాయి. పద్ధతి ప్రకారం ప్రతిదాన్నీ ఒకసారి విని, తప్పు ఉందని ఖాయం చేసుకుని, అప్పుడు సరిచేసిన ప్రోగ్రాం ఎక్కించాలి. ఎక్కించగానే పాత గళ్ళన్నీ తుడుచుకుపోతాయి. గోడలకి స్పాంజి అతికించిన చిన్న పెట్టెలో మెషీను ఉంచి, మూత వేసి, నిశ్శబ్దం కుదిరాక లోపలి చిన్న సుత్తిని ఒక్కసారి కొట్టించేవాళ్ళు. కొన్నిట్లో ఫ్యాను. కొన్నిట్లో వాన. కొన్నిట్లో మనుషులు: "తాళం ఎక్కడ పెట్టావు," "నిద్రపోతోంది, పద," "ఇంకా ఎంతసేపు కూర్చుంటాం." ఒకదాంట్లో ఎవరో ఆడమనిషి చాలా మెల్లిగా ఏడుస్తోంది. కొత్త అమ్మాయి రెండో రోజుకే గొట్టం తీసేసింది. "నేను వినలేనక్కా. వాళ్ళ ఇళ్ళల్లో మంచాల కింద దూరినట్టుంది." మిగతావన్నీ శేషమ్మే విన్నది.

ఒక మెషీను దగ్గర ఆమె ఆగిపోయింది. పెట్టెలో సుత్తి కొట్టగానే ఒక ముసలాయన గొంతు, భయంభయంగా: "ఎవరది?" ఆ గొంతు వెనక ఇంకా సన్నగా అదే గొంతు, "ఎవరది?" దాని వెనక ఇంకోటి. బావిలోకి వంగి చూసినట్టుంది. మెషీను యజమాని వివరాలున్న కార్డు తీసి చూసింది. రిటైరైన సర్వేయరు, ఒంటరిగా ఉంటాడు. ఏం జరిగిందో ఆమెకి అర్థమైంది. గదిలో గొంతు వినిపిస్తే ఆయన మెల్లిగా "ఎవరది" అన్నాడు. మెషీను దాన్ని రొద అనుకుని దాచుకుంది. మళ్ళీ వినిపించింది. ఆయన మళ్ళీ అడిగాడు. ఇన్నాళ్ళూ ఆయన తనని తానే అడుగుతున్నాడు.

ప్రోగ్రాం ఎక్కించి, పెట్టెలో మళ్ళీ పరీక్షించింది. సుత్తి చప్పుడు ఒక్కటే వినిపించింది. అప్పుడు ఆయనకి ఫోన్ చేసింది.

"మీ మెషీను బాగుచేశామండీ. ఇక ఎవరూ పలకరు."

"వెళ్ళిపోయాడా?" అన్నాడాయన.

"ఎవరూ లేరండీ అసలు. అది మీ గొంతే. మీరు అడిగిందే మీకు మళ్ళీ వినిపించేది."

అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది.

"అలాగా," అన్నాడు. "కానీ అమ్మా, నేను ఊరికే అడగలేదు కదా. మొదటిసారి ఏదో వినిపిస్తేనే కదా, ఎవరది అన్నాను. అప్పుడు నా గొంతు దాంట్లో లేదు కదా."

శేషమ్మ పెట్టెలో ఉన్న మెషీను వైపు చూసింది. గళ్ళన్నీ సున్నాలు. అన్నిటికంటే కింద ఏముందో ఇక ఏ గొట్టం పెట్టినా వినపడదు.

"ఏం విన్నారండీ అప్పుడు?"

"అదే గుర్తు రావడం లేదు," అన్నాడాయన. "మీకు తెలుస్తుందేమో అనుకున్నా. సరే, పంపించండి. పెట్టుకుంటాను."

ఆమె మెషీను చిన్న డబ్బాలో సర్ది, చుట్టూ దూది పెట్టి, పార్సెల్ మీద ఆయన చిరునామా రాసింది. తర్వాత కింద ఇంకో ముక్క రాసింది: తలుపు దగ్గర వదిలి వెళ్ళవద్దు, మనిషి చేతికే ఇవ్వాలి.